స్కోరు మైనస్ తొమ్మిది, ఆ తర్వాత?

(వృక్షశాస్త్రం, ఫార్మసీ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, మధ్యలో ఉన్న విద్యార్థులకు, వెనక వరుసలో అటెండెన్స్ కోసం వచ్చినవాళ్లకు కూడా. (నవ్వులు)

బిర్యానీలో వేసే అనాసపువ్వు మీకందరికీ తెలుసు. నక్షత్రంలా ఉంటుంది, తినేటప్పుడు నోటికి తగిలితే తీసి పక్కన పెడతాం. అందులో షికిమిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. ఫ్లూకి ఇచ్చే టామిఫ్లూ అనే మందు తయారీకి చాలాకాలం పాటు అదే ముఖ్యమైన ముడిసరుకు. 2005లో బర్డ్ ఫ్లూ భయం పట్టుకున్నప్పుడు ప్రపంచం మొత్తం చైనా అనాసపువ్వు కోసం ఎగబడింది. మన హైదరాబాద్‌లోని హెటెరో కంపెనీ కూడా ఆ మందు తయారుచేయడానికి రోష్ కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుంది.

మరి అనాసపువ్వు కషాయం కాచుకుని తాగితే ఫ్లూ తగ్గుతుందా? తగ్గదు. మొక్కలో ఉన్నది మందు కాదు, మందుకు ముడిసరుకు. దాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో రసాయన చర్యల గుండా నడిపిస్తే చివర్లో ఒసెల్టామివిర్ వస్తుంది. టామిఫ్లూలో పనిచేసేది అదే.

మొక్కకీ మందుకీ మధ్య ఎంత పని ఉంటుందో గుర్తుంచుకుంటారని ఇది ముందే చెబుతున్నాను. ఈ రోజు నా విషయం ఆ పనిలో మొట్టమొదటి భాగం. ఔషధ మొక్కల్లోని పదార్థాలను కంప్యూటర్‌లో వైరస్ ప్రోటీన్ మీద పరీక్షించడం, అంటే డాకింగ్. అది పనికిమాలిన పని అని చెప్పడానికి నేను రాలేదు. నా బతుకుతెరువే అది. (నవ్వులు) అక్కడితో ఆగిపోయి ‘మందు దొరికింది’ అని ప్రకటించుకోవడం మీదే నా గొడవంతా.

2020 సంగతి చూద్దాం. జనవరి రెండో వారానికల్లా కొత్త కరోనా వైరస్ జన్యుక్రమం బయటికొచ్చింది. ఫిబ్రవరి మొదట్లో షాంఘై శాస్త్రవేత్తలు ఆ వైరస్ ప్రధాన ప్రోటియేజ్ (ప్రోటీన్లను కోసే ఎంజైమ్) త్రిమితీయ నిర్మాణాన్ని ప్రోటీన్ డేటా బ్యాంకులో పెట్టారు. దాని నంబరు 6ఎల్‌యూ7. ఈ రంగంలో ఉన్నవాళ్లకి ఆ నంబరు సొంత ఫోన్ నంబరు కంటే బాగా గుర్తుంటుంది. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. ల్యాబులకు తాళాలు పడ్డాయి, ల్యాప్‌టాప్‌లు మాత్రం చేతిలో ఉన్నాయి. డాకింగ్ చేసే ఆటోడాక్ వీనా అనే ప్రోగ్రామ్ ఉచితం. మన దేశపు ఔషధ మొక్కల్లోని పదార్థాల నిర్మాణాలు కూడా ఉచితమే. చెన్నైలోని గణితశాస్త్ర సంస్థ వాళ్లు ‘ఇంపాట్’ అనే డేటాబేస్ కట్టారు. 2018 నాటి మొదటి కూర్పులోనే 1742 మొక్కలు, 9596 పదార్థాలు ఉన్నాయి. రెండో కూర్పులో మొక్కలు 4010కి, పదార్థాలు దాదాపు 18 వేలకి పెరిగాయి. ఇంకేం కావాలి? తులసి, వేప, పసుపు, అశ్వగంధ, తిప్పతీగ, నేలవేము, అడ్డసరం, మునగ... పెరట్లో ఉన్నదీ కొండమీద ఉన్నదీ అన్నీ డాక్ అయిపోయాయి.

అసలు డాకింగ్‌లో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. వీనా వాడినవాళ్లు చేతులెత్తండి... పర్వాలేదు, చాలామందే ఉన్నారు.

ఆ ప్రోటియేజ్ 306 అమైనో ఆమ్లాల గొలుసు. రెండు గొలుసులు జతకలిస్తేనే పనిచేస్తుంది. వైరస్ తనను తాను నకలు తీసుకోవడానికి కావలసిన ప్రోటీన్లను పొడుగు దారంగా కలిపి తయారు చేసుకుంటుంది, ఈ ప్రోటియేజ్ దాన్ని ముక్కలుగా కోస్తుంది. అది ఆగితే వైరస్ సంతానం ఆగిపోతుంది. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం తర్వాతే ఇది కోస్తుంది. మన శరీరంలో అలా కోసే ఎంజైములు అరుదు కాబట్టి దీన్ని ఆపినా మనకు పెద్ద నష్టం లేదు. అందుకే అందరి కన్నూ దీనిమీదే పడింది. కోత జరిగే గుంటలో ఇద్దరు ముఖ్యులున్నారు: 41వ స్థానంలో హిస్టిడిన్, 145వ స్థానంలో సిస్టీన్.

ఇప్పుడు మనం ఆ ఫైలు తెరుస్తాం. అందులో ముందే కూర్చుని ఉన్న ఎన్3 అనే నిరోధకాన్ని తీసేస్తాం. నీటి అణువుల్ని తీసేస్తాం. హైడ్రోజన్లు చేరుస్తాం. ఆ గుంట చుట్టూ ఒక పెట్టె గీస్తాం. మొక్క పదార్థాన్ని ఇచ్చి ఎంటర్ కొడతాం. ప్రోగ్రామ్ ఆ అణువును తిప్పి, వంచి, రకరకాల భంగిమల్లో గుంటలో కూర్చోబెట్టి చూస్తుంది. ప్రతి భంగిమకూ ఒక స్కోరు ఇస్తుంది: మోల్‌కు ఇన్ని కిలోకేలరీలు అని, మైనస్ గుర్తుతో. మైనస్ ఎంత పెద్దదైతే అంత గట్టిగా పట్టుకుంటుందని అంచనా. టీ చల్లారేలోపు మైనస్ తొమ్మిది వచ్చేస్తుంది. ప్రాణం లేచొస్తుంది.

ఇక్కడే కాస్త ఆగండి. మామూలుగా మనం నడిపే పద్ధతిలో ప్రోటీన్ రాయిలా కదలకుండా ఉంటుంది. నిజం ప్రోటీన్ అలా ఉండదు, కదులుతుంది, ఊపిరి పీల్చినట్టు తెరుచుకుని మూసుకుంటుంది. మనం తీసేసిన నీటి అణువుల్లో ఒకటి సరిగ్గా ఆ హిస్టిడిన్ పక్కనే ఉండి పనిలో పాలుపంచుకుంటూ ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆ అంకె ఎంత నమ్మదగ్గది? 2010లో వీనాను తయారుచేసినవాళ్లే తమ పేపర్లో రాశారు, దాని ప్రామాణిక దోషం సుమారు 2.85 కిలోకేలరీలు అని. గది ఉష్ణోగ్రత దగ్గర 1.4 కిలోకేలరీల తేడా అంటే పట్టులో 10 రెట్ల తేడా. అంటే అంకె ఆ 2.85 మేరకు అటో ఇటో అయితే, పట్టు అంచనా 100 రెట్లు తారుమారవుతుంది. ఇప్పుడు చెప్పండి, ‘మా పదార్థానికి మైనస్ 8.9, రెమ్‌డెసివిర్‌కు మైనస్ 8.1, కాబట్టి మాదే మెరుగు’ అని రాస్తే దానికి అర్థమేమిటి? పైగా రెమ్‌డెసివిర్ పనిచేసేది ఈ ప్రోటీన్ మీద కాదు, వైరస్ ఆర్‌ఎన్‌ఏను నకలు తీసే పాలిమరేజ్ మీద. అది కూడా శరీరంలోకి వెళ్లి, రూపం మార్చుకున్నాక. అయినా దాన్నే పోలికకు పెట్టుకున్న పేపర్లు నేను రివ్యూకి చూశాను.

డాకింగ్ అంటే జాతకాలు చూడటం లాంటిది. కలిశాయో లేదో చెబుతుంది. పిల్ల ఒప్పుకుంటుందా, ఆ తర్వాత సంసారం సాగుతుందా అన్నది అందులో ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. మునగాకులో, సదాపాకులో రూటిన్ అనే ఫ్లేవనాయిడ్ ఉంటుంది. మొక్కల డాకింగ్ పేపర్లు తీసి చూడండి, మొదటి పది పేర్లలో రూటినో, నారింజ జాతి పండ్లలో ఉండే హెస్పెరిడినో తరచూ కనిపిస్తాయి. కారణం వాటి మహత్యం కాదు, వాటి సైజు. రెండింటి బరువూ 610 డాల్టన్లు. అణువు పెద్దదైతే ప్రోటీన్‌ను ఎక్కువ చోట్ల తాకుతుంది. తాకిన ప్రతిచోటా స్కోరు పెరుగుతుంది. కానీ నోటి ద్వారా తీసుకునే మందులకు 1997లో లిపిన్‌స్కీ అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ప్రకారం బరువు 500 దాటకూడదు, హైడ్రోజన్ బంధాలిచ్చేవి 5 మించకూడదు. రూటిన్‌లో అవి 10. దాన్ని మింగితే పేగులోని బ్యాక్టీరియా దాని చక్కెర భాగాన్ని కోసేసి క్వెర్సెటిన్‌గా మారుస్తాయి. ఆ క్వెర్సెటిన్‌కు పేగు గోడ, కాలేయం కలిసి గ్లూకురోనైడ్, సల్ఫేట్ తోకలు తగిలించి బయటికి పంపే ఏర్పాటు చేస్తాయి. కంప్యూటర్‌లో మనం కూర్చోబెట్టిన అణువు ఊపిరితిత్తులకు చేరనే చేరదు. చేరినవాటిని మనం డాక్ చేయలేదు!

సరే, ఎవరో ఓపికగా ల్యాబులో పరీక్షించారనుకుందాం. ఎంజైమ్ నిజంగానే ఆగింది. అప్పుడైనా సంబరపడొచ్చా? అప్పుడూ జాగ్రత్తే. అమెరికాలో షోయిషెట్ అనే శాస్త్రవేత్త బృందం చూపించినదేమిటంటే, కొన్ని పదార్థాలు నీళ్లలో విడివిడిగా కరగకుండా గుంపులు కట్టి చిన్న చిన్న ఉండలవుతాయి. ఆ ఉండలకు ఎంజైములు అంటుకుపోయి పనిచేయడం మానేస్తాయి. ఏ ఎంజైమ్ పెట్టినా అదే జరుగుతుంది. క్వెర్సెటిన్ ఆ జాబితాలో ఉంది. కనిపెట్టడానికి మార్గం చాలా చవక. ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌ను 0.01 శాతం కలిపి మళ్లీ పరీక్షించాలి. ఉండలు విడిపోయి ఎంజైమ్ మళ్లీ పని మొదలుపెట్టిందంటే మీ పదార్థం మందు కాదు. ఒక్క చుక్క డిటర్జెంట్‌తో తేలిపోయే విషయానికి మన దగ్గర పీహెచ్‌డీలు అయిపోతుంటాయి.

పసుపు గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. కర్క్యుమిన్ మీద 2017లో ఔషధ రసాయనశాస్త్ర పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అప్పటికే 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగాయి. డాక్టరుకూ రోగికీ ఏది మందో ఏది ఉత్తుత్తి మాత్రో తెలియకుండా చేసిన ట్రయల్స్‌లో ఒక్కటి కూడా విజయవంతం కాలేదని వాళ్లు తేల్చారు. ల్యాబు పరీక్షల్లో మాత్రం కర్క్యుమిన్ దేన్ని పెట్టినా ‘పనిచేస్తుంది’. దేన్ని పెట్టినా పనిచేసేదాన్ని రసాయన శాస్త్రవేత్తలు అనుమానంగా చూస్తారు. అది గుంపు కడుతుంది, తానే కాంతిని వెదజల్లి పరికరాన్ని మోసం చేస్తుంది, రక్తమంత క్షారత ఉన్న ద్రావణంలో నిమిషాల్లో విరిగిపోతుంది.

‘మిరియాలు కలిపితే 2000 శాతం ఎక్కువ ఒంటబడుతుంది’ అని వాట్సాప్‌లో తిరుగుతుంది కదా. అది అబద్ధం కాదు, 1998లో బెంగళూరులో చేసిన అధ్యయనం. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలో కర్క్యుమిన్ 20 రెట్లు పెరిగింది. దాదాపు సున్నాకు 20 రెట్లు ఎంత? అదీ కాక పైపరిన్ చేసేది కాలేయం శుద్ధి పనిని మందగింపజేయడం. మీ తాతగారు వేసుకునే ఇతర మాత్రలకు కూడా అదే వర్తిస్తుంది. కూరలో పసుపు, చారులో మిరియాలు హాయిగా వేసుకోండి. నేనూ వేసుకుంటాను. మాట్లాడుతున్నది మందు గురించి.

కణాల మీద పరీక్ష కూడా మోసం చేయగలదు. సింకోనా బెరడులోని క్వినైన్ వారసత్వంలో వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ 2020లో ఎంత హడావుడి చేసిందో గుర్తుంది కదా. ఆఫ్రికన్ కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వీరో కణాల్లో ఆ కుటుంబం మందులు కరోనాను బాగానే ఆపాయి. మనిషి ఊపిరితిత్తుల కణాల్లో ఆపలేదు. ఎందుకంటే మన ఊపిరితిత్తుల కణాల పైపొర మీద టీఎంపీఆర్‌ఎస్ఎస్2 అనే ఎంజైమ్ ఉంటుంది. వైరస్ దాని సాయంతో నేరుగా లోపలికి వచ్చేస్తుంది. వీరో కణాల్లో అది లేదు కాబట్టి వైరస్ వేరే దారిలో, ఆమ్లత ఉన్న సంచుల గుండా రావాలి. క్లోరోక్విన్ పాడుచేసేది ఆ దారినే. చివరికి బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే ట్రయల్ 2020 జూన్‌లో, ఆసుపత్రిలో చేరిన రోగులకు దానివల్ల ప్రయోజనం లేదని తేల్చేసింది. మన హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోట్ల సజీవ వైరస్‌ను కణాల్లో పెంచి పరీక్షించగలరు. కానీ ఏ కణాల్లో అన్న ప్రశ్న మీరు అడగాలి.

ఇన్ని మాటలన్నాక, కంప్యూటర్ నిజంగా గెలిచిన సందర్భాలు చెప్పకపోతే అన్యాయం. ఫ్లూ వైరస్ మీది న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ నిర్మాణం 1983లో తెలిసింది. ఆస్ట్రేలియాలో వాన్ ఇట్జ్‌స్టైన్, కోల్‌మన్ బృందాలు గ్రిడ్ అనే ప్రోగ్రామ్‌తో ఆ గుంటను పరిశీలించాయి. ఒకచోట ధనావేశం ఉన్న సమూహాన్ని పెడితే గట్టిగా అతుక్కుంటుందని ప్రోగ్రామ్ చూపించింది. హైడ్రాక్సిల్ తీసి గ్వానిడిన్ పెట్టారు. అదే జనామివిర్. అయితే అది పేగులోంచి సరిగ్గా ఒంట్లోకి వెళ్లదు, అందుకే పీల్చే మందుగా ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఇబ్బంది లేకుండా మింగడానికి వీలైనదే ఇందాకటి టామిఫ్లూ. రెండూ 1999లో అమెరికాలో అనుమతి పొందాయి. పట్టు బాగున్నా ఒంటబట్టకపోతే ఎలా ఉంటుందో జనామివిర్‌ను చూసి నేర్చుకోవాలి.

కరోనా కాలంలో జపాన్ షియోనోగి కంపెనీ సరిగ్గా మీరు చేసే పనే చేసింది. అదే ప్రోటియేజ్ మీద తమ పదార్థాల నిల్వను కంప్యూటర్‌లో వడపోసింది. తేడా ఏమిటంటే ఆ వెంటనే ఎంజైమ్ మీద పరీక్షించింది. మొదట దొరికిన అణువు బలం 8.6 మైక్రోమోలార్ (ఎంజైమ్ పనిని సగానికి ఆపడానికి కావలసిన గాఢత, ఎంత తక్కువైతే అంత బలం). గొప్పదేం కాదు. దాని ముక్కలు మారుస్తూ, ప్రతిసారీ పరీక్షిస్తూ 0.013 దాకా తెచ్చారు. 600 రెట్లకు పైగా మెరుగు. అదే ఎన్సిట్రెల్విర్. 2022 నవంబరులో జపాన్ అత్యవసర అనుమతి ఇచ్చింది. ఫైజర్ వాళ్ల కరోనా మందు నిర్మాట్రెల్విర్ కథ వేరు. అది 2003 నాటి సార్స్ కోసం మొదలైన పరిశోధన నుంచి వచ్చింది, 145వ సిస్టీన్‌తో ఏకంగా రసాయన బంధమే వేసుకుంటుంది. మామూలు డాకింగ్ ఆ బంధాన్ని లెక్కలోకి తీసుకోదు. కాలేయం దాన్ని త్వరగా కరిగించేస్తుంది కాబట్టి ఆ పనిని మందగింపజేసే రిటోనావిర్ అనే మందును తోడిచ్చి పంపాల్సి వచ్చింది.

మొక్కల వైపు నుంచి? ఉన్నాయి. చైనా వైద్యంలో వాడే స్కటెల్లేరియా వేరులోని బైకలీన్‌ను ఈ ప్రోటియేజ్‌తో కలిపి స్ఫటికం తీసి ఎక్స్‌రేలో చూశారు. గుంటలో నిజంగానే కూర్చుని ఉంది. ఎంజైమ్ పరీక్షలో బలం దాదాపు 1 మైక్రోమోలార్. మన దశమూలాల్లో ఒకటైన శ్యోనాకంలోనూ బైకలీన్ ఉంటుంది. దాన్ని మందు అనడానికి ఇంకా చాలా దూరం ఉంది, కానీ దీన్ని ఫలితం అనొచ్చు. స్ఫటికం కళ్లముందు ఉంది.

నాకు ఇంకా నచ్చే ఉదాహరణ గ్రీన్ టీది. టీ ఆకుల సారంతో చేసిన సినెకాటెకిన్స్ అనే పూతమందుకు 2006లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, పాపిలోమా వైరస్ వల్ల జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లకు. మింగే మాత్ర కాదు, పూత. ఒంటబట్టడం, కాలేయం దాటడం అనే సమస్యలు చర్మం మీద పెద్దగా ఉండవు. మొక్క పదార్థాలతో వైరస్‌ను ఎదుర్కోవాలంటే మన ఆలోచన అటువైపు కూడా ఎందుకు వెళ్లడం లేదో నాకు అర్థం కాదు. అందరికీ మాత్రే కావాలి.

నేను ఆపేస్తాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మా కాలేజీలో ల్యాప్‌టాప్ తప్ప ఇంకేం లేదు. మరి మేం ఏం చేయాలి?)

మంచి ప్రశ్నమ్మా. ముందు ఎన్3ని తీసేశారు కదా, దాన్నే మళ్లీ డాక్ చేయండి. స్ఫటికంలో ఉన్న చోటికి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు వచ్చి కూర్చోకపోతే మీ సెట్టింగ్స్ బాగోలేనట్టే, మొక్కల జోలికి వెళ్లొద్దు. ఎన్3 కూడా సిస్టీన్‌తో బంధం వేసుకునేదే, అందుకని ఎన్సిట్రెల్విర్ కూర్చున్న స్ఫటికం ఒకటి తీసుకుని దానితోనూ ఇదే చేసి చూడండి. తర్వాత, పనిచేస్తాయని తెలిసిన కొన్ని అణువులనూ పనిచేయవని తెలిసిన బోలెడన్నింటినీ కలిపేసి, మీ పద్ధతి వాటిని వేరుచేయగలుగుతోందా చూడండి. వేరుచేయలేకపోతే ఆ విషయమే రాయండి, అది కూడా పనికొచ్చే పేపరే. ఆఖరున మిగిలిన రెండు మూడు పదార్థాలతో దగ్గర్లోని యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ విభాగం తలుపు తట్టండి. ఎంజైమ్ పరీక్షకు సజీవ వైరస్ అక్కర్లేదు. ఆ ప్రోటియేజ్‌ను ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారు చేసుకోవచ్చు. డిటర్జెంట్ మాత్రం మర్చిపోవద్దు.

(ఒక లెక్చరర్: తిప్పతీగ వాడకం మీద మీ అభిప్రాయం?)

2021లో తిప్పతీగ తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు పత్రికలో ప్రచురించారు. అది అసలు తిప్పతీగ కాకపోవచ్చు, అదే ప్రజాతికి చెందిన టినోస్పోరా క్రిస్పా అయ్యుండొచ్చని ఆయుష్ శాఖ వాదించింది. ఆ తర్వాతి ఏడాది చాలా ఆసుపత్రులు కలిసి 43 మంది కేసులతో ఇంకో పేపరు వేశాయి. ఎవరు రైటు అనే దానికంటే నన్ను కలవరపెట్టింది ఏమిటంటే, తాగిన తీగ ఏదన్న దగ్గరే ఇంత గొడవ పడాల్సి రావడం. కాలేయ సమస్య ఉన్నవాళ్లు, రోజూ వేరే మందులు వేసుకునేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా ఏ కషాయమూ వాడొద్దు, ఆ మాట మాత్రం గట్టిగా చెబుతాను. మిగతాది వృక్షశాస్త్రం వాళ్ల పని, అంటే మీ పనే. మీరు సారం తీసే ప్రతి మొక్కకూ ఒక కొమ్మ తుంచి, ఆరబెట్టి, హెర్బేరియం షీటు చేయించి, ఎక్కడ ఏ నెలలో కోశారో రాసి, ఆ షీటు నంబరు పేపర్లో వేయండి. అది లేని మొక్కల పేపరు నా దగ్గరికి రివ్యూకి వస్తే, స్కోర్ల పట్టిక దాకా చదవను, తిప్పి పంపేస్తాను.